కోర్టు డేట్ ఇస్తేనే కాలేజీ మొదలైన ఏడాది

మొన్న హాస్టల్‌లో ఒక సీనియర్ అన్న ఫోన్ పట్టుకుని ఒకటే తిరుగుతున్నాడు. మా కాలేజీ కాదు, వేరే కాలేజీ నుంచి వాళ్ల తమ్ముడి రూమ్‌లో ఉండటానికి వచ్చాడు. ఫైనల్ ఇయర్ అయిపోయింది, ఆఫర్ లెటర్ కూడా చేతిలో ఉంది. కానీ ఒక్క సప్లీ రిజల్ట్ రావాలి. అది వస్తేనే ప్రొవిజనల్ సర్టిఫికెట్, అది ఇస్తేనే జాయినింగ్. కంపెనీ వాళ్లు రెండోసారి మెయిల్ పెట్టారు. యూనివర్సిటీకి ఫోన్ చేస్తే "వచ్చే వారం" అన్నారట. ఆ "వచ్చే వారం" మొదలై నెల దాటింది.

మాలో ఒకడు "అన్నా, కోర్టులో కేసెయ్" అన్నాడు. అందరం నవ్వాం. అన్న మాత్రం నవ్వలేదు. "వేస్తే ఏమవుద్ది రా? నిజంగా వేయొచ్చా?" అని అడిగాడు. మాకెవరికీ తెలీదు. నలుగురం సీఎస్ఈ వాళ్లం, ఆర్టికల్ అంటే మీడియంలో చదివేదే తప్ప రాజ్యాంగంలో ఉండేది కాదు.

ఆ రాత్రి నుంచి దీని గురించి చదవడం మొదలుపెట్టా. చదివే కొద్దీ ఒక సంగతి గుర్తొచ్చింది. మా ఇంట్లోనే ఇలాంటి కథ ఒకటి జరిగింది. అప్పుడు నేను మూడో తరగతి, ఏమీ అర్థం కాలేదు. ఇప్పుడు మీకు చెప్పేది ఆ కథ, దాని వెనకున్న లెక్క. నా తెలుగు ఇంగ్లీష్ మీడియం తెలుగు, ఎక్కడైనా తడబడితే క్షమించండి.

మా అక్క వేసవి సెలవులు

అక్క అంటే మా పెదనాన్న కూతురు. మాది ఖమ్మం జిల్లా మధిర. పదో తరగతి దాకా అక్క అక్కడే చదివింది, ఇంటర్ మాత్రం రైలెక్కితే గంటన్నరలో వచ్చే విజయవాడలో. మధిర వాళ్లకి విజయవాడ పక్కూరు లాంటిది. రాష్ట్రం వేరవుతుందని అక్క ఇంటర్‌లో చేరినప్పుడు ఎవరూ అనుకోలేదు.

2014 మే 22న ఎంసెట్ రాసింది. జూన్ 2న తెలంగాణ వచ్చింది. మా వీధిలో టపాసులు కాల్చడం నాకు గుర్తుంది. జూన్ 9న ఎంసెట్ ఫలితాలు వచ్చాయి. అక్కకి మంచి ర్యాంకే వచ్చింది. ఇక కౌన్సెలింగ్, తర్వాత కాలేజీ, అంతే కదా అనుకున్నారు ఇంట్లో.

జూన్ అయిపోయింది, జూలై అయిపోయింది. కౌన్సెలింగ్ లేదు. అక్క సర్టిఫికెట్లన్నీ ఒక ప్లాస్టిక్ ఫైల్‌లో పెట్టుకుని టీవీ ముందు కూర్చునేది. స్క్రోలింగ్‌లో "ఎంసెట్" అన్న మాట కనిపిస్తే చాలు, ఇంట్లో అందరూ వచ్చి నిలబడేవాళ్లు. అక్క ఫ్రెండ్స్‌లో డబ్బున్న వాళ్లు ఒక్కొక్కరే చెన్నై వైపో, బెంగళూరు వైపో వెళ్లిపోయారు. అక్కడ డీమ్డ్ యూనివర్సిటీల్లో జూలైలోనే క్లాసులు మొదలయ్యాయి. పెదనాన్న కూడా ఒక రోజు "అప్పు చేసైనా పంపిద్దామా" అన్నాడు. అక్క వద్దంది. ఎందుకు వద్దన్నావ్ అని ఈ వ్యాసం కోసం ఇప్పుడు అడిగితే, "నాన్న ఆ మాట అన్నప్పుడు అమ్మ మొహం చూశా" అంది. అంతకంటే చెప్పలేదు.

ఎందుకు ఆగిపోయింది?

ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్ట్‌లో డెడ్‌లాక్ అని ఒకటి ఉంటుంది. మిగతా బ్రాంచీల వాళ్ల కోసం సింపుల్‌గా చెప్తా. పరీక్ష హాల్లో ఒకడి దగ్గర పెన్ను ఉంది, పేపర్ లేదు. పక్కవాడి దగ్గర పేపర్ ఉంది, పెన్ను లేదు. "ముందు నువ్వివ్వు" అంటాడు ఒకడు. "కాదు, ముందు నువ్వే" అంటాడు ఇంకొకడు. ఇద్దరూ రాయరు, టైమ్ అయిపోతుంది. 2014లో జరిగింది దాదాపు ఇదే.

మొదటి చిక్కు, కౌన్సెలింగ్ ఎవరు చెయ్యాలి అని. ఎంసెట్ పెట్టింది ఉమ్మడి రాష్ట్రంలోని ఉన్నత విద్యా మండలి. రాష్ట్ర పునర్విభజన చట్టంలో ఈ మండలి పదో షెడ్యూల్‌లో ఉంది. అంటే రెండు రాష్ట్రాలకూ సేవలు అందించాల్సిన సంస్థల జాబితాలో. అదే చట్టంలో సెక్షన్ 95 అని ఒకటుంది. ఉన్నత విద్యలో ఇప్పుడున్న అడ్మిషన్ కోటాలు పదేళ్లు అలాగే ఉండాలి, ఉమ్మడి అడ్మిషన్ల పద్ధతి కూడా అలాగే సాగాలి అని దాని సారాంశం. దీన్ని చూపించి ఆంధ్రప్రదేశ్ వైపు మండలి "మేమే చేస్తాం" అంది. కొత్త రాష్ట్రంలో, మా కాలేజీల్లో సీట్లు, మా ప్రభుత్వం కట్టే ఫీజులు, కాబట్టి మా మాట లేకుండా ఎలా అని తెలంగాణ అంది.

రెండో చిక్కు సిబ్బంది. అప్పటికి ఉద్యోగుల విభజన పూర్తి కాలేదు. ఎవరు ఏ రాష్ట్రానికో తేలలేదు. కౌన్సెలింగ్ అంటే ఒక వెబ్‌సైట్ మాత్రమే కాదు. ఊరూరా హెల్ప్‌లైన్ సెంటర్లు పెట్టాలి, వాటిలో కూర్చుని ఒక్కో సర్టిఫికెట్ చూసే లెక్చరర్లు కావాలి. ఇవన్నీ సర్దుకోవడానికి అక్టోబర్ 31 దాకా గడువు కావాలని తెలంగాణ సుప్రీంకోర్టును అడిగింది.

మూడో చిక్కు అసలైనది, ఫీజు రీయింబర్స్‌మెంట్. తెలంగాణ ప్రభుత్వం తన డబ్బు తన పిల్లలకే ఇస్తానంది. మరి తెలంగాణ పిల్లలంటే ఎవరు? 2014 జూలై చివర్లో వచ్చిన జీవో 36 ప్రకారం, 1956 నవంబర్ 1కి ముందు నుంచి ఆ కుటుంబం తెలంగాణలో ఉండాలి. ఆ పథకం పేరు ఫాస్ట్. పేరు ఫాస్ట్, పని మాత్రం ఆ నెలల్లో ఏదీ ఫాస్ట్‌గా జరగలేదు.

ఇక్కడ మా ఇంటి కథ అడ్డం తిరిగింది. మా తాతయ్య నందిగామ వైపు నుంచి మధిర వచ్చింది 1962లో. అక్క పుట్టింది మధిరలో, పెదనాన్న పుట్టింది మధిరలో, ఓటు, రేషన్ కార్డు, పొలం అన్నీ మధిరలో. కానీ 1956 కాగితం లేదు. అడ్మిషన్ల రూల్ చూస్తే అక్క లోకలే. ఫీజు రూల్ చూస్తే అనుమానం. ఒకే అమ్మాయి, ఒకే ఇల్లు, రెండు లెక్కలు. తాతయ్య అప్పటికి బతికే ఉన్నాడు. "ఆరేళ్లు ముందొస్తే సరిపోయేదన్నమాట" అన్నాడట. అందరూ నవ్వారు గానీ తాతయ్య తర్వాత రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదని అక్క చెప్పింది.

లోకల్ అంటే ఏంటి అసలు?

ఎంసెట్ అప్లికేషన్‌లో మనమందరం ఓయూ, ఏయూ, ఎస్వీయూ అని మూడింట్లో ఒకటి టిక్ పెట్టాం కదా. ఎందుకు పెట్టామో మనలో చాలామందికి తెలీదు. నాకూ ఇప్పుడే తెలిసింది.

1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర ఉద్యమం. వాటి తర్వాత 1973లో 32వ రాజ్యాంగ సవరణతో ఆర్టికల్ 371డి వచ్చింది. దాని కింద 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. చదువు కోసం రాష్ట్రాన్ని ఉస్మానియా, ఆంధ్ర, శ్రీవెంకటేశ్వర అని మూడు యూనివర్సిటీ ప్రాంతాలుగా చూశారు. సీట్లలో 85 శాతం ఆ ప్రాంతం లోకల్ వాళ్లకి, మిగతా 15 శాతం ఓపెన్. ఇంటర్‌తో ముగిసేలా వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడ లోకల్. అలా కుదరకపోతే చివరి ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో అక్కడ లోకల్. అక్క ఆరు నుంచి పది దాకా మధిరలో ఐదేళ్లు, ఇంటర్ రెండేళ్లు విజయవాడలో. కాబట్టి ఓయూ లోకల్. ఈ రూల్‌లో తాతల ప్రస్తావన ఎక్కడా లేదు. చదివిన చోటునే చూస్తుంది.

సెక్షన్ 95 పదేళ్లు కాపాడతానన్నది ఈ 85, 15 పద్ధతినే.

సుప్రీంకోర్టుకి ఇందులో పనేంటి?

నాకు ముందు ఇదే అర్థం కాలేదు. రెండు రాష్ట్రాలు కొట్టుకుంటే కోర్టుకి వెళ్తాయి, సరే. కానీ గడువు పెంచమని కోర్టుని ఎందుకు అడగాలి? కాలేజీ ఎప్పుడు తెరవాలో ప్రభుత్వం చెప్పుకోవచ్చు కదా?

చెప్పుకోలేదు. కారణం 2012 డిసెంబర్ 13న వచ్చిన ఒక తీర్పు. పార్శ్వనాథ్ చారిటబుల్ ట్రస్ట్ వర్సెస్ ఏఐసీటీఈ అంటారు. అసలు కేసు మహారాష్ట్రలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ అనుమతి గురించి. కానీ ఆ కేసు విన్న జడ్జీలు, జస్టిస్ ఏ.కె. పట్నాయక్, జస్టిస్ స్వతంతర్ కుమార్, ఇంకా పెద్ద సమస్యని చూశారు. ఏఐసీటీఈ ఆలస్యంగా అనుమతిస్తుంది, యూనివర్సిటీ ఆలస్యంగా అఫిలియేషన్ ఇస్తుంది, కౌన్సెలింగ్ ఆలస్యమవుతుంది, చివరికి పిల్లలు సగం సెమిస్టర్ అయ్యాక క్లాసులో అడుగుపెడతారు. అందుకని దేశం మొత్తానికి ఒక క్యాలెండర్ రాసిపెట్టారు. ముఖ్యమైన తేదీలు ఇవి:

కాలేజీలకు అనుమతి ఇవ్వడమో, నిరాకరించడమో ఏప్రిల్ 10 లోపు.
మొదటి విడత కౌన్సెలింగ్ జూన్ 30 లోపు.
రెండో విడత జూలై 10 లోపు.
చివరి విడత జూలై 20 లోపు.
క్లాసుల ప్రారంభం ఆగస్టు 1.
ఖాళీలు నింపడానికి ఆఖరి తేదీ ఆగస్టు 15. ఆ తర్వాత ఏ కోటా కింద కూడా ఎవరినీ చేర్చుకోకూడదు.

సుప్రీంకోర్టు చెప్పింది దేశంలో అందరికీ చట్టం లాంటిదే. కాబట్టి ఈ తేదీలు దాటాలంటే మళ్లీ ఆ కోర్టు దగ్గరికే వెళ్లి అడగాలి. మన క్యాలెండర్‌కి అడ్మిన్ పాస్‌వర్డ్ ఢిల్లీలో ఉందన్నమాట.

చదువు విషయాల్లో కోర్టులు మామూలుగా వేలు పెట్టవు. సిలబస్ ఎలా ఉండాలి, పేపర్ ఎలా దిద్దాలి అనేది చదువు తెలిసిన వాళ్లే చూసుకోవాలని చాలాసార్లు చెప్పాయి. 1984లోనే మహారాష్ట్ర బోర్డు రీవాల్యుయేషన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా అంది. మరి తేదీల విషయంలో ఎందుకు కల్పించుకుంది? మార్కులు వెయ్యడం నైపుణ్యం, అది కోర్టుకి లేదు. టైమ్‌కి పని చెయ్యడం బాధ్యత, దాన్ని అడగడానికి నైపుణ్యం అక్కర్లేదు. నాకు అర్థమైనంతలో తేడా ఇదే.

2014 ఆగస్టు 11

ఆ రోజు సోమవారం. జస్టిస్ ఎస్.జె. ముఖోపాధ్యాయ నేతృత్వంలోని ధర్మాసనం తీర్పు చెప్పింది. అక్టోబర్ 31 దాకా గడువు కుదరదు. ఆగస్టు 31 లోపు అడ్మిషన్లు పూర్తి చెయ్యండి, సెప్టెంబర్ 1న క్లాసులు మొదలుపెట్టండి.

ఇందులో రెండు విషయాలు గమనించండి. ఒకటి, కోర్టు తన సొంత ఆగస్టు 15 గీతని తానే కొంచెం జరిపింది. కొత్త రాష్ట్రం ఏర్పడటం అనే మామూలుగా జరగని పరిస్థితి ఉంది కాబట్టి. కానీ అడిగినంత జరపలేదు. రెండు, అసలు గొడవలో ఎవరిది రైటో అన్న లోతుకి వెళ్తే పిల్లల ఏడాది పోయేది. ముందు గడియారాన్ని కదిలించింది. డెడ్‌లాక్ విడిపించడానికి ఓఎస్ కూడా ఇద్దరిలో ఎవరు మంచివాళ్లని చూడదు. పని ముందుకు సాగేలా చేస్తుంది, అంతే.

ఇంట్లో ఆ రోజు ఏం జరిగిందో అక్కకి బాగా గుర్తుంది. పెద్దమ్మ పాయసం చేసింది. పెదనాన్న ఆ రాత్రే ఖమ్మంలో ఉన్న ఫ్రెండ్‌కి ఫోన్ చేసి హెల్ప్‌లైన్ సెంటర్ ఎక్కడ అని అడిగాడు. సర్టిఫికెట్ల పరిశీలన రోజు పొద్దున ఐదున్నరకి బయల్దేరితే, వెళ్లేసరికే క్యూ గేటు దాటి రోడ్డు మీద ఉందట. నెలల పని రెండు వారాల్లో చెయ్యాలి కదా. స్టడీ సర్టిఫికెట్ మీద స్కూల్ స్టాంప్ సరిగ్గా పడలేదని మళ్లీ మధిర పంపించారు. మర్నాడు మళ్లీ వెళ్లారు. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడానికి నెట్ సెంటర్‌లో రాత్రి పదింటి దాకా కూర్చున్నారు. ఆ ఏడాది జేఎన్‌టీయూ హైదరాబాద్ చాలా కాలేజీలకు అఫిలియేషన్ ఇవ్వలేదు. అక్క రాసుకున్న లిస్టులో రెండు కాలేజీలు వెబ్‌సైట్‌లోనే కనిపించలేదు.

సీటు వచ్చింది. అనుకున్న బ్రాంచి కాదు, ఈసీఈ అనుకుంటే ట్రిపుల్ఈ వచ్చింది. అక్క ఫ్రెండ్ ఒకామె తర్వాతి విడతలో మంచి కాలేజీ వస్తుందని ఆశ పెట్టుకుంది. చివరికి వచ్చిన దాంట్లోనే సర్దుకుంది. సెప్టెంబర్‌లో క్లాసులు మొదలయ్యాయి. ఫలితాలు వచ్చిన రోజు నుంచి లెక్కేస్తే 84 రోజులు.

ఫీజు సంగతి ఇంకా కొన్ని నెలలు గాల్లోనే ఉంది. 2015 మొదట్లో తెలంగాణ ప్రభుత్వం ఫాస్ట్ పథకాన్ని పక్కన పెట్టి పాత ఫీజు రీయింబర్స్‌మెంట్ పద్ధతికే వెళ్లింది. అప్పటిదాకా పెదనాన్న ప్రతి నెలా కొంత డబ్బు పక్కన పెట్టాడు, రాకపోతే కట్టాలి కదా అని. ఇక అడ్మిషన్ల ఉమ్మడి పద్ధతి విషయానికొస్తే, 2015 నుంచి తెలంగాణ సొంతంగా ఎంసెట్ పెట్టుకుంది. చట్టంలో పదేళ్లన్న ఉమ్మడి పద్ధతి ఒక్క ఏడాదిలోనే రెండయింది. కోర్టు తేదీ ఇవ్వగలిగింది కానీ రెండు ప్రభుత్వాల మధ్య నమ్మకం ఇవ్వలేకపోయింది.

పరీక్ష పెట్టాలా, వద్దా?

ఆరేళ్ల తర్వాత ఇంకో రకం ఆలస్యం వచ్చింది. కరోనా. 2020 జూలై 6న యూజీసీ ఒక గైడ్‌లైన్ ఇచ్చింది. ఫైనల్ ఇయర్ పరీక్షలు సెప్టెంబర్ చివరికల్లా అన్ని యూనివర్సిటీలూ పెట్టాల్సిందే అని. మహారాష్ట్ర లాంటి కొన్ని రాష్ట్రాలు అప్పటికే పరీక్షలు పెట్టం, పాత మార్కులతో పాస్ చేస్తాం అన్నాయి. విద్యార్థులు సుప్రీంకోర్టుకి వెళ్లారు.

ఆగస్టు 28న తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జీల ధర్మాసనం. వారిలో ఒకరు జస్టిస్ ఆర్. సుభాష్ రెడ్డి, మన మెదక్ జిల్లా ఆయన. తీర్పు రెండు వైపులా తూచి చెప్పింది. ఫైనల్ పరీక్ష లేకుండా డిగ్రీ ఇచ్చే అధికారం రాష్ట్రాలకి లేదు, డిగ్రీ ప్రమాణం చూసేది యూజీసీ. అయితే విపత్తు నిర్వహణ చట్టం కింద, ప్రజల ప్రాణాల దృష్ట్యా, సెప్టెంబర్ 30 లోపు పెట్టలేం అని రాష్ట్రం చెప్పొచ్చు. అలా చెప్పి యూజీసీ దగ్గర కొత్త తేదీ అడగాలి. అంటే వాయిదా వెయ్యొచ్చు, రద్దు చెయ్యలేరు.

మరుసటి ఏడాది, 2021లో, అదే సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్‌ని రివర్స్‌లో అడిగింది. దేశంలో చాలా బోర్డులు ఇంటర్ స్థాయి పరీక్షలు రద్దు చేశాయి. ఆంధ్రప్రదేశ్ మాత్రం జూలైలో పెడతానంది. ఐదు లక్షల పైచిలుకు పిల్లలు. గదికి పదిహేను, పద్దెనిమిది మందిని కూర్చోబెడతాం అంది ప్రభుత్వం. జూన్ 24న విచారణలో జస్టిస్ ఏ.ఎం. ఖన్విల్కర్, జస్టిస్ దినేశ్ మహేశ్వరి ఆ లెక్క పట్టుకున్నారు. గదికి పదిహేను మందంటే 34 వేలకు పైగా గదులు కావాలి, ఎక్కడున్నాయి? ఇన్విజిలేటర్లు ఎంతమంది? ఒక్క ప్రాణం పోయినా బాధ్యత రాష్ట్రానిదే అన్నారు. ఆ సాయంత్రమే ప్రభుత్వం పరీక్షలు రద్దు చేసింది.

ఒకసారి పరీక్ష పెట్టమని, ఒకసారి ఎలా పెడతావని అడగడం చూస్తే కోర్టు మాట మార్చినట్టు అనిపించొచ్చు. నాకు అలా అనిపించలేదు. రెండు చోట్లా అడిగింది ఒకటే ప్రశ్న, నీ ప్లాన్ ఏది? 2021లో కోర్టు సూత్రాలు చెప్పలేదు, భాగాహారం చేసింది. పిల్లల సంఖ్యని గదిలో పట్టేవాళ్లతో భాగించింది. ఆ లెక్క అంతకుముందే ఎవరైనా ఆఫీసులో చేసి ఉంటే ఐదు లక్షల ఇళ్లలో అన్ని వారాల టెన్షన్ ఉండేది కాదు.

ఆఖరి తేదీ అందరికీ న్యాయం చేస్తుందా?

ఆఖరి తేదీని గట్టిగా పట్టుకుంటే ఒక ప్రమాదం ఉంది. తప్పు అధికారులది, శిక్ష విద్యార్థికి. ర్యాంకు ప్రకారం మీకు రావాల్సిన సీటు పొరపాటున వేరేవాళ్లకి ఇచ్చేశారనుకోండి. మీరు వెంటనే కోర్టుకి వెళ్లారు. కేసు తేలేసరికి ఆఖరి తేదీ దాటింది. "నువ్వు చెప్పింది నిజమే, కానీ తేదీ అయిపోయింది" అంటే ఎలా ఉంటుంది?

ఈ ప్రశ్న మీద సుప్రీంకోర్టులోనే కొన్నాళ్లు రెండు అభిప్రాయాలు నడిచాయి. తేల్చింది ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక ఎంబీబీఎస్ సీటు కేసులో, 2019 డిసెంబర్ 13న. పార్శ్వనాథ్ తీర్పు వచ్చిన తేదీ కూడా డిసెంబర్ 13నే, సరిగ్గా ఏడేళ్ల తేడా. ముగ్గురు జడ్జీలు చెప్పింది క్లుప్తంగా ఇది: విద్యార్థి తప్పు ఏమీ లేకుండా, ఆలస్యం చెయ్యకుండా కోర్టుకి వస్తే, తప్పు పూర్తిగా అధికారులదే అయితే, అరుదైన సందర్భాల్లో ఆఖరి తేదీ అయిన సెప్టెంబర్ 30 తర్వాత కూడా ఒక నెల లోపల సీటు ఇప్పించొచ్చు. ఆ ఏడాది కుదరకపోతే తర్వాతి ఏడాది ఇప్పించొచ్చు. నష్టపరిహారం కూడా ఇప్పించొచ్చు. డబ్బు ఒక్కటే ఇచ్చి పంపేస్తే న్యాయం జరిగినట్టు కాదని ఆ తీర్పు భావం.

ఇందులో మనకి పనికొచ్చే మాట "ఆలస్యం చెయ్యకుండా" అన్నది. మనం ఆలస్యం గురించి ఫిర్యాదు చెయ్యాలంటే ముందు మనం ఆలస్యం చెయ్యకూడదు.

మరి ఆ అన్న కేసు వెయ్యొచ్చా?

వెయ్యొచ్చు. కానీ అది మొదటి మెట్టు కాదు.

ముందు యూనివర్సిటీ పరీక్షల విభాగానికి రాతపూర్వకంగా అర్జీ ఇవ్వాలి. ఫోన్‌లో అడిగింది లెక్కలోకి రాదు. హాల్ టికెట్ నంబర్, పరీక్ష తేదీ, ఆఫర్ లెటర్ కాపీ పెట్టి, ఇచ్చినట్టు స్టాంప్ వేయించుకోవాలి, లేదా రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపాలి. తర్వాత సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. వాల్యుయేషన్ ఎప్పుడు పూర్తయింది, రిజల్ట్ ఎందుకు ఆగింది అని. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చాలాసార్లు జవాబు రాయాల్సి వస్తుందన్న భయంతోనే ఫైలు కదులుతుందని మా లైబ్రరీ సార్ చెప్పారు.

అప్పటికీ కదలకపోతే హైకోర్టు. రాజ్యాంగంలోని ఆర్టికల్ 226 కింద రిట్ పిటిషన్ వెయ్యొచ్చు. అందులో మాండమస్ అని ఒక రకం ఉంది. చట్టం ప్రకారం చెయ్యాల్సిన పనిని అధికారి చెయ్యకపోతే, "చెయ్యి" అని కోర్టు ఆదేశించడం. అర్జీ ఇచ్చిన రసీదు అక్కడ పనికొస్తుంది. నేను అడిగాను, వాళ్లు చెయ్యలేదు అని చూపించాలి కదా. లాయర్ ఫీజు కట్టలేని వాళ్లకి న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచిత సాయం ఉంది. అమ్మాయిలకి, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకి అయితే ఆదాయంతో సంబంధం లేకుండా ఇస్తారు. ఈ విషయం ఫ్రెషర్స్ డే రోజు ఎవరైనా చెప్తే బాగుండేది.

కోర్టు ఏం చెయ్యలేదో కూడా తెలుసుకోవాలి. మార్కులు వెయ్యదు. పోయిన ఉద్యోగం తెచ్చి ఇవ్వదు. కేసు ఎన్ని వాయిదాలు పడుతుందో ముందే ఎవరూ చెప్పలేరు. ఆలస్యం మీద వేసిన కేసే ఆలస్యం కావొచ్చు. 2014లో రెండు ప్రభుత్వాలు, పెద్ద పెద్ద లాయర్లు, లక్షల మంది విద్యార్థులు ఉన్నారు కాబట్టి సుప్రీంకోర్టు వెంటనే విన్నది. ఒక్క సప్లీ పేపర్ కోసం ఎదురుచూసే ఒక్క అబ్బాయికి ఆ తొందర అంత తేలిగ్గా దొరకదు. అందుకే కోర్టు దాకా రాకుండా చెయ్యాల్సిన పని యూనివర్సిటీది. క్యాలెండర్ ఇస్తే దాన్ని పాటించాలి, పాటించలేకపోతే ఎందుకో, కొత్త తేదీ ఏదో నోటీస్ బోర్డ్ మీద పెట్టాలి. మనం అసైన్‌మెంట్ ఒక్క రోజు లేట్ చేస్తే మార్కు తీసేస్తారు. ఆ రూల్ రెండు వైపులా ఉండాలని కోరడం అత్యాశ కాదనుకుంటా.

ఆ సీనియర్ అన్న మర్నాడు వెళ్లి అర్జీ ఇచ్చి వచ్చాడు. అర్జీ మేమే టైప్ చేశాం, మూడుసార్లు తెలుగులో రాసి కొట్టేసి, చివరికి నాలుగోసారి సరిగ్గా వచ్చింది. స్టాంప్ వేసిన కాపీ ఫోటో గ్రూప్‌లో పెట్టాడు. ఇది రాస్తున్న రోజుకి రిజల్ట్ ఇంకా రాలేదు. కంపెనీ ఇంకో రెండు వారాలు ఆగుతానంది.

అక్క ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ఈ వ్యాసం కోసం అడిగినప్పుడు ఆ ప్లాస్టిక్ ఫైల్ వెతికి తీసింది. ర్యాంక్ కార్డు, అలాట్‌మెంట్ ఆర్డర్, చలానా అన్నీ ఉన్నాయి. అడుగున ఒక చిన్న కాగితం కూడా ఉంది, తాతయ్య చేతిరాతతో. మధిరలో ఇల్లు కట్టిన ఏడాది, మా నాన్న, పెదనాన్న పుట్టిన తేదీలు, వాళ్లు చదివిన బడి పేరు. ఎవరైనా అడిగితే చూపిద్దామని రాసి పెట్టాడట. ఆ కాగితం ఎవరూ అడగలేదు.